కలం చేతిలో రాజాజ్ఞ: సఫవీ దర్బారు లేఖకులు – విమర్శనాత్మక పఠనం

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• సఫవీ ఇరాన్‌లో వాకియా నవీస్ అనే దర్బారు లేఖకుడి విధులను వివరించగలుగుతారు.
• రాజు నోటి మాట రాతపూర్వకమైన ఆజ్ఞగా మారే క్రమాన్ని గుర్తించగలుగుతారు.
• ఈ లేఖకుల గురించి మనకున్న మూడు రకాల సాక్ష్యాల బలాబలాలను బేరీజు వేయగలుగుతారు.
• దక్కని దస్తావేజుల నుంచి ఎంతవరకు నిర్ధారణ చేయవచ్చో చర్చించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

దఫ్తరం, మున్షీ, హుకుం, అర్జీ, దస్తావేజు, రుసుము, నకలు. ఈ మాటలన్నీ మీకు తెలిసినవే. మండల కార్యాలయంలోనో, రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో ఇప్పటికీ వినిపిస్తూ ఉంటాయి. ఇవి మన భాషలోకి పర్షియన్ పాలనా భాష ద్వారా వచ్చాయి. ఆ పాలనా భాషను ఒక పెద్ద రాజ్యంలో రోజువారీగా నడిపిన ఉద్యోగులే ఈ పాఠ్యభాగానికి విషయం.

1501లో తబ్రీజ్‌లో షా ఇస్మాయిల్ సింహాసనం ఎక్కడంతో సఫవీ పాలన మొదలైంది. రాజధాని మొదట తబ్రీజ్. షా తహ్మాస్ప్ (1524–1576) కాలంలో అది కజ్విన్‌కు మారింది. మొదటి షా అబ్బాస్ కాలంలో, 1598లో, ఇస్ఫహాన్‌కు చేరింది. 1722 అక్టోబరులో అఫ్ఘన్ సేనల ముట్టడికి తట్టుకోలేక షా సుల్తాన్ హుసేన్ లొంగిపోయాడు. ఈ రెండు శతాబ్దాల చరిత్రను చెప్పే పుస్తకాల్లో యుద్ధాలు, మసీదులు, పట్టు వ్యాపారం విస్తారంగా కనిపిస్తాయి. ఆ సంగతులను కాగితం మీద పెట్టినవారు మాత్రం ఒకటి రెండు పేరాలకే పరిమితమవుతారు.

ఇది సరిదిద్దుకోవలసిన అలవాటు. సఫవీ రాజ్యం గురించి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం ఆ లేఖకుల చేతి మీదుగానే వచ్చింది. రాసినవాడు ఎవరు, ఎవరి కొలువులో ఉండి రాశాడు, ఏం రాయడం అతని పని, ఏం రాయకపోవడం అతనికి క్షేమం అని అడగకుండా ఆ చరిత్రను చదవడం కుదరదు. ఈ భాగం ఆ ప్రశ్నలనే అడుగుతుంది.

3. వాకియా నవీస్: ఉద్యోగం, పరిధి

పర్షియన్‌లో ‘వాకియా’ అంటే జరిగిన సంగతి, ‘నవీస్’ అంటే రాసేవాడు. మహారాష్ట్రంలో ఇంటిపేరుగా మారిన ఫడ్నవీసు, చిట్నవీసు అనే మాటల్లో ఉన్నది ఈ ‘నవీస్’ పదమే. ఈ ఉద్యోగినే మజ్లిస్ నవీస్ అని కూడా పిలిచేవారు. మజ్లిస్ అంటే సభ. అంటే ఇతడు రాజు కొలువుతీరిన చోట ఉండి, అక్కడ జరిగినదాన్ని రాసేవాడు.

పేరును బట్టి ఇతణ్ణి సభా విశేషాలు రాసుకునే గుమాస్తాగా ఊహించుకుంటే పొరపాటు. ఇతని పనులు ముఖ్యంగా నాలుగు. రాష్ట్రాల నుంచి వచ్చిన నివేదికలను, ప్రజల అర్జీలను రాజుకు చదివి వినిపించడం ఒకటి. రాజు నోటితో చెప్పిన ఉత్తర్వులను రాతలో పెట్టడం రెండోది. పరదేశపు రాజులకు పంపే ఉత్తరాలను సిద్ధం చేయడం మూడోది. సభలో జరిగిన నిర్ణయాలకు దాఖలా ఉంచడం నాలుగోది. సఫవీ పాలన చివరి దశలో ఇతనికి రాజ్యంలోని అత్యున్నత సైనిక, పౌర అధికారులతో పాటు ఆలోచనా సభలో స్థానం ఉండేది.

ఇతడు ఒంటరిగా పనిచేయలేదు. మున్షీ ఉల్ మమాలిక్ రాజలేఖల విభాగానికి పెద్ద. రాజాజ్ఞల శిరోభాగాన తుగ్రా అనే అలంకార లిపిని వేయడం అతని కార్యాలయపు పని. ముస్తౌఫీ ఉల్ మమాలిక్ లెక్కల విభాగానికి అధిపతి. ముహర్దార్ ముద్రలను కాపాడేవాడు. వీరందరి పైన ఇతిమాద్ ఉద్దౌలా అనే బిరుదు గల ప్రధాన వజీరు ఉండేవాడు. దఫ్తర్‌ఖానా అంటే ఈ కాగితాలన్నీ తిరిగే చోటు.

కలం పట్టినవాడు ఎంత ఎత్తుకు ఎదగగలడో చెప్పడానికి మీర్జా తాహిర్ వహీద్ కజ్వీనీ మంచి ఉదాహరణ. కవి అయిన ఇతడు రెండో షా అబ్బాస్ (1642–1666) కొలువులో మజ్లిస్ నవీస్‌గా పనిచేశాడు. ఆ రాజు పాలనా చరిత్రను గ్రంథంగా రాశాడు. తరువాత షా సులైమాన్ కాలంలో ప్రధాన వజీరు అయ్యాడు. ఒకే మనిషి రాజాజ్ఞ రాశాడు, రాజ చరిత్ర రాశాడు, చివరకు రాజ్యమే నడిపాడు. ఈ మూడు పనులను వేర్వేరు గదుల్లో పెట్టి చూడటం మన అలవాటు. వహీద్ జీవితం ఆ గోడలు లేవని చూపిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
వాకియా నవీస్ విధుల్లో ఏది అతనికి అన్నిటికంటే ఎక్కువ పలుకుబడిని ఇచ్చి ఉంటుందని మీరు భావిస్తారు? కారణం రాయండి.

4. నోటి మాట ఆజ్ఞగా మారే దారి

ఇస్ఫహాన్ సభలో రాజు ఒక గ్రామం ఆదాయాన్ని ఎవరికో ఇనాముగా ఇచ్చాడనుకోండి. రాజు మాట చట్టమే కదా అనిపిస్తుంది. కాని ఆ మాట సభలో ఉన్నవారికే వినిపిస్తుంది. వందల మైళ్ళ దూరంలో ఉన్న పన్ను వసూలుదారు దాన్ని వినలేదు, వినకుండా ఎందుకు నమ్ముతాడు? నమ్మించేది కాగితం.

ఆ కాగితం తయారవడం ఒక్క అడుగులో జరగదు. ఆజ్ఞ ఎవరి ద్వారా వచ్చిందో రాయాలి. రాజు ముఖతః చెప్పాడా, మరొక అధికారి ద్వారా తెలిసిందా అన్న తేడాను పత్రంలోనే గుర్తించేవారు. తుగ్రా వేయాలి, రాజముద్ర పడాలి. తరువాత పత్రం వివిధ కార్యాలయాలకు వెళ్ళి వాటి దఫ్తరాల్లో నమోదు కావాలి. నమోదైన ప్రతిచోటా పత్రం వెనుక వైపు ఒక చిన్న రాత, ఒక ముద్ర పడేవి. అందుకే సఫవీ ఫర్మానాలను పరిశీలించేవారు ముందు వైపుతో ఆగిపోరు. ముందు వైపు రాజు గొప్పతనాన్ని చెబుతుంది. వెనుక వైపు ఆ పత్రం ఎవరెవరి బల్లల మీదుగా నడిచిందో చెబుతుంది.

ఇందులో మరో సంగతి ఉంది. సఫవీ దర్బారులో, ముఖ్యంగా రాజుకూ కిజిల్‌బాష్ సేనానులకూ మధ్య, వాడుక భాష టర్కీ. రాజ్యపు రాతభాష మాత్రం చాలావరకు పర్షియన్. కాబట్టి చాలా సందర్భాల్లో లేఖకుడు విన్నది ఒక భాష, రాసింది మరొక భాష. రాజు క్లుప్తంగా అన్న మాటను అతడు వ్యవహార మర్యాదకు తగిన దీర్ఘ వాక్యంగా మలచాలి. ఎవరికి, ఎక్కడ, ఏ షరతుతో అన్నది అనుమానం లేకుండా రాయాలి. దీన్ని నకలు దించడం అనలేం. ఇది ఆజ్ఞకు రూపం ఇవ్వడం.

అయితే లేఖకుడు రాజు అధికారానికి అడ్డుకట్ట అయ్యాడా? కొందరు అలా వాదిస్తారు. ఇన్ని నమోదులు, ముద్రలు ఉన్నప్పుడు రాజు ఇష్టం వచ్చినట్టు చేయడం కష్టం కదా అంటారు. ఈ వాదంలో కొంత నిజం ఉన్నా దాన్ని అంత దూరం లాగకూడదు. రాజు తలచుకుంటే లేఖకుణ్ణి ఉద్యోగం నుంచి తీసేయగలడు, అతని ఆస్తి జప్తు చేయగలడు. లేఖకుడికి రాజును కాదనే హక్కు ఏదీ లేదు. అతడు చేసింది వేరు. రాజు మాటకు దూరం ప్రయాణించే శక్తిని, కాలం గడిచినా నిలిచే శక్తిని ఇచ్చాడు. ఆ శక్తి రాజుకు ఉపయోగపడింది. అదే శక్తి కాగితం చేతికి అందినవాడికి కూడా ఉపయోగపడింది. ఈ రెండో భాగాన్ని మనం తరచుగా మరచిపోతాం. 8వ విభాగంలో దీన్ని మళ్ళీ చూస్తాం.

5. మొదటి సాక్ష్యం: తజ్కిరతుల్ ములూక్

ఈ ఉద్యోగాల గురించి పాఠ్యపుస్తకాలు చెప్పే వివరాల్లో అధిక భాగం తజ్కిరతుల్ ములూక్ అనే చిన్న పర్షియన్ గ్రంథం నుంచి వచ్చినవే. వ్లదీమిర్ మినోర్‌స్కీ దీన్ని ఆంగ్లానువాదంతో, విస్తృతమైన వ్యాఖ్యతో 1943లో ప్రకటించాడు. ఒక్కొక్క ఉద్యోగి పదవి, పని, జీతం, అతనికి దక్కే రుసుములు ఇందులో వరుసగా ఉంటాయి.

ఇంత చక్కగా ఉన్న పుస్తకాన్ని చూడగానే రాజ్యం కూడా ఇంత చక్కగా నడిచిందనిపిస్తుంది. ఇక్కడే మీరు జాగ్రత్తపడాలి. ఈ గ్రంథం సుమారు 1726లో తయారైంది. అప్పటికి ఇస్ఫహాన్ అఫ్ఘన్ల చేతిలో ఉంది. పాత పాలన ఎలా నడిచేదో తెలుసుకోవాలనుకున్న కొత్త పాలకుల కోసం, పాత వ్యవస్థ ఎరిగినవారు దీన్ని కూర్చారు. అంటే ఇది కుప్పకూలిన ఇంటికి తరువాత గీసిన పటం.

అలాంటి పటంలో రెండు లోపాలు సహజం. మొదటిది, రెండు శతాబ్దాల మార్పులు ఇందులో కనిపించవు. షా తహ్మాస్ప్ నాటి దఫ్తర్‌ఖానా, సుల్తాన్ హుసేన్ నాటి దఫ్తర్‌ఖానా ఒకటి కావు. చివరి రోజుల చిత్రాన్ని మొదటి రోజులకు అంటగట్టకూడదు. రెండోది, ఇది ఏది జరగాలో చెబుతుంది, ఏది జరిగిందో చెప్పదు. ఏ నియమావళీ తన ఉల్లంఘనల జాబితా ఇవ్వదు.

అయినా ఈ గ్రంథం ఒకచోట తనకు తెలియకుండానే నిజాన్ని బయటపెడుతుంది. అది రుసుముల ప్రస్తావన. ఇనాము పత్రం పొందినవాడు లేఖకులకు, ముద్రాధికారులకు రుసుము చెల్లించాలి. అంటే ప్రతి నమోదు ఒక ఆదాయ మార్గం. కార్యాలయాలు ఎందుకు పెరిగాయి, ఒక పత్రానికి అన్ని ముద్రలు ఎందుకు అన్న ప్రశ్నకు కట్టుదిట్టమైన పాలన అనేది ఒక జవాబు. రుసుము అనేది రెండో జవాబు. మంచి విమర్శకుడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటాడు.

6. రెండో సాక్ష్యం: ఇస్కందర్ బేగ్ మున్షీ చరిత్ర

నియమావళి చెప్పనిదాన్ని లేఖకుడే చెబితే? ఇస్కందర్ బేగ్ మున్షీ అలాంటివాడు. షా అబ్బాస్ చరిత్రగా ఇతడు రాసిన తారీఖె ఆలమ్ ఆరాయె అబ్బాసీ ఈ యుగానికి అన్నిటికంటే ముఖ్యమైన గ్రంథం. 1629లో అబ్బాస్ మరణంతో అది ముగుస్తుంది.

సఫవీ సమాజంలో ఖడ్గం తుర్కుమాన్లది, కలం తాజిక్కులది అనే విభజనను మీరు చాలాచోట్ల చదివి ఉంటారు. ఇస్కందర్ బేగ్ పుట్టుకతో తుర్కుమాన్, వృత్తితో మున్షీ. ఒక్క మనిషితో సిద్ధాంతం కూలిపోదు. కాని ఆ విభజనను ఇనుప గీతగా చూడకూడదని మాత్రం తెలుస్తుంది. ఇతడు మొదట సియాఖ్ నేర్చుకున్నాడు. సియాఖ్ అంటే అంకెలకు బదులు అరబీ సంఖ్యా పదాల కుదించిన రూపాలతో లెక్క రాసే పద్ధతి. ఆ పని మీద విసుగు పుట్టి ఇన్షా వైపు, అంటే రాజలేఖన కళ వైపు మళ్ళాడు. ఈ సంగతి అతడే తన గ్రంథంలో చెప్పుకున్నాడు.

దఫ్తర్‌ఖానా అలవాట్లు అతని రచనలో ఎలా కనిపిస్తాయో చూడండి. షా అబ్బాస్ పాలనను అతడు ఏడాది వారీగా చెబుతాడు. మనకు ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల పేర్లున్నట్టే, అక్కడ పన్నెండు జంతువుల పేర్లతో సంవత్సరాల చక్రం ఉండేది. నౌరోజుతో మొదలయ్యే ఆ సంవత్సరాలను అతడు హిజ్రీ లెక్కతో, రాజు పాలనా సంవత్సరంతో జోడిస్తాడు. ఇది కార్యాలయంలో నలిగిన చేతి లెక్క. షా తహ్మాస్ప్ మరణాన్ని చెప్పిన తరువాత అతడు అమీర్లు, పండితులు, వైద్యులు, లిపికారులు, చిత్రకారులు, గాయకులు అంటూ వర్గాల వారీగా ఆనాటి ప్రముఖులను పరిచయం చేస్తాడు. సఫవీ చిత్రకళ గురించి రాసేవారందరూ నేటికీ ఈ భాగాన్ని ఆశ్రయిస్తారు. కథ చెప్పేటప్పుడు ఆగి జాబితా రాయడం చాలామంది చరిత్రకారులకు లోపం కావచ్చు. ఇతనికి అది వృత్తి ఇచ్చిన బలం.

బలం ఉన్నచోటే పరిమితి కూడా ఉంది. 1615లో షా అబ్బాస్ తన పెద్ద కొడుకు సఫీ మీర్జాను చంపించాడు. ఇస్కందర్ బేగ్ ఈ మరణాన్ని దాచలేదు. కాని కుట్ర అనుమానాల నేపథ్యంలో, రాజు మీద నేరం పడని విధంగా చెప్పాడు. ఆ కాలపు ఐరోపా యాత్రికులు మాత్రం దీన్ని తండ్రి చేయించిన హత్యగానే రాశారు. ఇక్కడ మీరు ఇస్కందర్ బేగ్‌ను అబద్ధాలకోరు అనేస్తే తీర్పు సులువుగా ముగుస్తుంది, కాని తప్పుగా ముగుస్తుంది. అతడు రాజోద్యోగి. రాజాజ్ఞకు మర్యాద గల రూపం ఇవ్వడమే అతని నిత్యకృత్యం. రాజు చేసిన ఘోరానికి కూడా అతని కలం అదే పని చేసింది. ఆజ్ఞను రాసే చెయ్యి, చరిత్రను రాసే చెయ్యి ఒకటే అయినప్పుడు ఇలా జరుగుతుంది. కాబట్టి అతని మౌనాలను కూడా సాక్ష్యంగానే చదవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
నియమావళికి, చరిత్ర గ్రంథానికి సాక్ష్యంగా ఉన్న తేడాను ఐదు వాక్యాల్లో వివరించండి.

7. మూడో సాక్ష్యం: జాన్ షార్దాన్

ఫ్రెంచి వజ్రాల వ్యాపారి జాన్ షార్దాన్ 1660లు, 1670ల్లో ఇస్ఫహాన్‌లో నివసించాడు. పర్షియన్ నేర్చుకున్నాడు. రాజుకు నగలు అమ్మే పనిలో అనుమతి పత్రాల కోసం, డబ్బు కోసం అధికారుల చుట్టూ తిరిగాడు. అందువల్ల దఫ్తర్‌ఖానాను అర్జీదారుడి వైపు నుంచి చూసిన సాక్ష్యం ఇతనిది.

రాష్ట్రాల్లో గవర్నరు పక్కన కేంద్రం నేరుగా నియమించే వాకియా నవీస్ ఒకడు ఉండేవాడని, అక్కడ జరిగే సంగతులను దర్బారుకు రాసి పంపేవాడని షార్దాన్ వివరించాడు. సభలోని లేఖకుడు రాజు మాటను బయటకు పంపితే, రాష్ట్రంలోని లేఖకుడు బయటి సంగతిని రాజుకు చేర్చాడన్నమాట. అతడు గవర్నరుకు లోబడినవాడు కాడు. అందువల్ల గవర్నరుకు అతడంటే గుబులు.

దీన్ని చదివి, రాజు కన్ను అంతటా ఉందని తీర్మానించడం తొందరపాటు. గవర్నరుతో ఒకే పట్టణంలో బతికే లేఖకుడు అతనితో రాజీపడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పైగా షార్దాన్‌కు తన లెక్కలు ఉన్నాయి. తూర్పు దేశాల రాజులు నిరంకుశులన్న ఐరోపా నమ్మకం అతని చూపును కూడా కొంత తీర్చింది. అతడు చూసినది విలువైనది. దానికి అతడు చెప్పిన అర్థాన్ని మాత్రం వేరుగా తూకం వేయాలి.

8. దక్కినవి ఎవరి కాగితాలు?

ఇప్పటివరకు చెప్పుకున్నదాన్ని బట్టి ఇస్ఫహాన్ దఫ్తర్‌ఖానాలోని రికార్డులు కొండలుగా ఉండి ఉండాలి. కాని సఫవీ కేంద్ర దఫ్తర్‌ఖానా ఒక సమగ్ర భాండాగారంగా మనకు దక్కలేదు. లేఖకులు అంత శ్రద్ధతో నమోదు చేసిన దఫ్తరాలు రాజ్యంతో పాటే చెదిరిపోయాయి.

మరి మనం చదువుతున్న ఫర్మానాలు ఎక్కడివి? చాలావరకు అవి పుచ్చుకున్నవారు దాచుకున్నవి. సఫవీ వంశ మూలపురుషుడు షేక్ సఫీ సమాధి ఉన్న అర్దబీల్ దర్గాలో పెద్ద పత్ర సంపుటం నిలిచింది. ఆ దర్గా ఆస్తుల వివరాలను షా తహ్మాస్ప్ కాలంలో అబ్దీ బేగ్ షీరాజీ ఒక రిజిస్టరుగా కూర్చాడు. అతడు లెక్కల ఉద్యోగి, కవి, చరిత్రకారుడు కూడా. మొదటి షా అబ్బాస్ 1604–05లో అరస్ నదీ తీరపు జుల్ఫా నుంచి ఆర్మేనియన్లను బలవంతంగా తరలించి, ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో నివాసం కల్పించాడు. అక్కడి చర్చిలో ఆ సముదాయానికి వచ్చిన ఫర్మానాలు నేటికీ ఉన్నాయి. యెరెవాన్‌లోని మతెనదరాన్‌లో ఆర్మేనియన్ మఠాలకు చెందిన పర్షియన్ పత్రాలు ఉన్నాయి.

వారెందుకు దాచారు? కొత్త రాజు వచ్చినప్పుడు పాత హక్కులను మళ్ళీ ఖాయం చేయించుకోవాలి. పన్ను వసూలుదారు మారినప్పుడు మినహాయింపును మళ్ళీ రుజువు చేయాలి. పొరుగువాడు భూమి మీదికి వస్తే పత్రం చూపాలి. పల్లెలో పట్టా కాగితాన్ని ట్రంకు పెట్టెలో దాచిన పెద్దలను చూసినవారికి దీన్ని వేరే చెప్పనక్కరలేదు. తమ ఊరు, తమ మఠం, తమ బతుకు ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నవారు దాన్ని రాజ్యం కంటే ఎక్కువ జాగ్రత్తగా కాపాడారు.

దీని వల్ల ఒక పక్షపాతం కూడా వచ్చింది. దాచుకోదగిన పత్రం అంటే అనుకూలమైన పత్రం. తిరస్కరించిన అర్జీని ఎవరూ భద్రం చేయరు. దర్గాలు, మఠాలు, పెద్ద కుటుంబాలు నిలిచాయి కాబట్టి వారి పత్రాలు నిలిచాయి. పేద రైతు అర్జీ సభలో చదివారేమో, దఫ్తరంలోకి ఎక్కిందేమో, కాని మన దాకా అరుదుగా వచ్చింది. కాబట్టి దక్కిన ఫర్మానాలను చూసి సఫవీ రాజులు అడిగినవారికల్లా న్యాయం చేశారని రాయడం సాక్ష్యానికి మించిన మాట.

9. మన ప్రాంతంతో సంబంధం

ఈ వృత్తి సంప్రదాయం ఇరాన్ సరిహద్దుల్లో ఆగలేదు. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షాకు పీష్వాగా పనిచేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ, అంతకుముందు షా తహ్మాస్ప్ దర్బారులో రాకుమారుడికి గురువు. మొగలుల వద్ద కూడా వాకియా నవీస్ ఉద్యోగం ఉంది. అక్బరు ఏర్పాటులో పద్నాలుగు మంది లేఖకులు, రోజుకు ఇద్దరు చొప్పున, సభలో పనిచేసేవారని ఐనె అక్బరీ చెబుతుంది.

ఇస్ఫహాన్‌కు లేని అదృష్టం హైదరాబాదుకు కొంత దక్కింది. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పాలనా పత్రాలు లక్షకు పైగా నగరంలోని రాష్ట్ర భాండాగారంలో ఉన్నాయి. వాటిలో 1660–1671 మధ్య దక్కన్‌లో లేఖకులు రాసిన వాకియాల నుంచి ఎంపిక చేసిన సంపుటం 1953లో అచ్చయింది. మొగలు పద్ధతి, సఫవీ పద్ధతి ఒకటే అని దీని అర్థం కాదు. కాని రోజువారీ వాకియా ఎలా ఉంటుందో చూడాలనుకునే విద్యార్థికి ఒక నమూనా దగ్గరలోనే ఉంది.

10. సారాంశం

వాకియా నవీస్ సభలో విన్నదాన్ని రాసిపెట్టే గుమాస్తా మాత్రమే కాడు, రాజును నియంత్రించిన స్వతంత్రుడూ కాడు. అతడు నోటి మాటకు పాలనా రూపం ఇచ్చాడు. ఆ రూపం రాజు అధికారాన్ని దూర ప్రాంతాలకు విస్తరింపజేసింది. అదే సమయంలో ప్రజల్లో కొందరి చేతికి పట్టు దొరికేలా చేసింది. తజ్కిరతుల్ ములూక్ నియమాన్ని, ఇస్కందర్ బేగ్ లోపలివాడి కథనాన్ని, షార్దాన్ అర్జీదారుడి అనుభవాన్ని చెబుతారు. ఏ ఒక్కటీ మిగతా రెంటి పని చేయదు. ఇక ఫర్మానా చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: దీన్ని ఎవరు రాశారు? ఎవరి బల్లల మీదుగా వచ్చింది? ఎవరు, ఎందుకు దాచారు? మూడో ప్రశ్నకు జవాబు దొరికితే, ఆ పత్రం ఎవరి బతుకుకు ఆధారమైందో మీకు తెలుస్తుంది.

నమూనా పరీక్ష ప్రశ్నలు
1. సఫవీ పాలనలో వాకియా నవీస్ పాత్రను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. ‘ఆజ్ఞను రాసే చెయ్యి, చరిత్రను రాసే చెయ్యి ఒకటే.’ ఇస్కందర్ బేగ్ రచన ఆధారంగా చర్చించండి.
3. దక్కిన దస్తావేజుల్లోని పక్షపాతాన్ని మీకు తెలిసిన ఒక స్థానిక ఉదాహరణతో పోల్చి రాయండి.